అగరొత్తితో బిగించిన విమానం

మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఎయిర్‌ఫోర్సులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటికే ఎనభై దాటాయి. నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. నా మొదటి టైగర్ మాత్ బొమ్మ పూర్తయిన రోజు, తడి ఆరీ ఆరకముందే, అరచేతిలో పెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, కిటికీ వైపు తిప్పి, చాలాసేపు చూశారు.

"ఇందులో ఎంతమందోయ్?"

"ఒక్కడే బాబాయిగారూ. సోలో."

"మరి ముందు సీట్లో కూర్చున్నాడేం? టైగర్ మాత్‌లో సోలో అంటే వెనక సీటు కదా!"

నిజమే. టైగర్ మాత్‌లో పాఠం చెప్పేవాడు ముందు కూర్చుంటాడు, నేర్చుకునేవాడు వెనక. ముందు సీటు విమానం బరువుకి నడిమధ్యన, రెక్కల దగ్గరే ఉంటుంది. అక్కడ మనిషి ఉన్నా లేకపోయినా తూకం పెద్దగా మారదు. అందుకే గురువు దిగిపోయిన రోజున కూడా శిష్యుడు తన చోటు మారడు, ముందు సీటు ఖాళీగా వదిలి వెనకనుంచే నడుపుతాడు. ఈ సంగతి తెలియక నేను పాత బొమ్మల డబ్బాలో దొరికిన ఒక ప్లాస్టిక్ పైలట్‌కి శ్రద్ధగా రంగు వేసి, తెచ్చి ముందు సీట్లో అతికించాను.

ఆ పొరపాటుతో నాకొకటి అర్థమైంది. ఈ విమానంలో వంకరగా, వింతగా కనిపించే ప్రతిదానికీ ఒక కారణముంది. ఆ కారణం తెలిస్తే బొమ్మ కట్టేటప్పుడు చెయ్యి దానంతటదే సరిగ్గా పడుతుంది. తెలియకపోతే ఎంత నున్నగా రంగు వేసినా పైలట్ తప్పు సీట్లో కూర్చుంటాడు.

ముందు అసలు విమానం గురించి రెండు మాటలు. ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీ టైగర్ మాత్ మొదటిసారి ఎగిరింది 1931 అక్టోబరు 26న. రెండు రెక్కల విమానం, రెండు తెరిచిన సీట్లు, ముక్కులో 130 గుర్రాల బలం ఉన్న జిప్సీ మేజర్ ఇంజను. శరీరమంతా ఉక్కు గొట్టాల చట్రం, రెక్కల లోపల చెక్క, పైన బిగించి లేపనం పూసిన గుడ్డ. బ్రేకులు లేవు. తోక కింద చక్రం బదులు ఒక చిన్న దూలం లాంటిది నేలమీద గీసుకుంటూ పోతుంది. స్టార్టరు కూడా లేదు, ఒక మనిషి ఎదురుగా నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. ఇలాంటివి అన్ని దేశాల్లో కలిపి 8,000 పైచిలుకు తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, భారత్ దేశాల్లో వేలమంది కుర్రాళ్లు మొట్టమొదట నేల విడిచింది దీంట్లోనే. మన హైదరాబాదు బేగంపేటలో యుద్ధకాలంలో నడిచిన ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్లో అక్షరాభ్యాసం ఈ విమానం మీదే జరిగేది. స్వాతంత్ర్యం తర్వాత కొన్నేళ్లకు, బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు చేసిన హెచ్‌టీ-2 వచ్చి దీన్ని పక్కకు జరిపింది.

ఇక బొమ్మ. నేను కట్టింది 1/72 స్కేలుది, అంటే అసలు విమానంలో డెబ్బైరెండో వంతు. దాదాపు 9 మీటర్ల రెక్కలు పన్నెండున్నర సెంటీమీటర్లకు వస్తాయి. అరచేతిలో పడుతుంది. ఈ డెబ్బైరెండు అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. 6 అడుగులంటే 72 అంగుళాలు. ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళం చేస్తే లెక్క సులువవుతుంది, అంతే. 1930ల్లో ఇంగ్లండులో మొదలైన ఈ కొలతకి యుద్ధం వచ్చాక వేరే పని పడింది. ఆకాశంలో కనిపించేది మనదో శత్రువుదో ఒక్క చూపులో పోల్చుకోవడం సైనికులకు నేర్పాలి. 1/72 బొమ్మను 35 అడుగుల దూరంలో పట్టుకుంటే అసలు విమానం దాదాపు అరమైలు దూరంలో ఎలా కనబడుతుందో అలా కనబడుతుంది. (35ని 72తో గుణించి చూడండి, 2,520 అడుగులు.) 1942లో అమెరికా నౌకాదళం ఇలాంటి చెక్క బొమ్మలు 5 లక్షలు కావాలని బడిపిల్లలనే అడిగింది. 50 రకాల విమానాలు, రకానికి 10,000 చొప్పున. ఇప్పుడు మనం కాలక్షేపం అనుకునేది ఆ పిల్లలకు యుద్ధంలో తమ వంతు పని.

టైగర్ మాత్ కిట్లు చాలా కంపెనీలు చేశాయి. ఎయిర్‌ఫిక్స్ వాళ్లు 2014లో కొత్త అచ్చులతో 1/72లో తెచ్చింది కొత్తవాళ్లకు మంచిది. కళ్లు సహకరించని వయసు వాళ్లు 1/48 తీసుకోవడం మేలు. పనిముట్లకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నిప్పర్, ఒక పదునైన బ్లేడు, నీళ్లలో తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం, రెండు మంచి కుంచెలు, మాస్కింగ్ టేపు, ప్లాస్టిక్ సిమెంటు. సీలింగ్ ఫ్యాను మాత్రం ఆపుకోవాలి. తోక కింది దూలం నా బల్లమీంచి ఎగిరిపోయి, రెండ్రోజుల తర్వాత మా పనమ్మాయి చీపురుకి దొరికింది. "సార్, ఇదేదో మీ ఇమానంది," అని తెచ్చిచ్చింది.

ప్లాస్టిక్ సిమెంటు పని చేసే తీరు ముందే తెలుసుకోవాలి. జిగురు రెండు వస్తువుల మధ్య పొరలా ఉండి పట్టుకుంటుంది. ఈ సిమెంటు అలా కాక ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. రెండు అంచులూ కాస్త కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ద్రవం ఆవిరయ్యాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. ఒకరకంగా వెల్డింగు. కాబట్టి ఎక్కువ పోస్తే ఎక్కువ బలం వస్తుందనుకోకండి, ఎక్కువ కరుగుతుందంతే. ముక్కలు రెండూ దగ్గరగా పట్టుకుని అతుకు మీద కుంచె మొన ఆనిస్తే చాలు, ద్రవం సందులోకి తనే పాకుతుంది. వేలు అతుకు మీద ఉంటే వేలికిందకీ పాకుతుంది. నా బొమ్మ ఎడమపక్క నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది, ఆధార్‌కి పనికొచ్చేంత స్పష్టంగా. సీట్ల ముందుండే గాలి అద్దాలకు మాత్రం ఈ సిమెంటు వద్దు, తెల్ల ఫెవికాల్ వాడండి. సూపర్ గ్లూ అయితే దాని ఆవిరికే అద్దం బూజు పట్టినట్టయిపోతుంది.

శరీరం రెండు దొప్పలు అతికి ఆరాక కింది రెక్క పెట్టాలి, తర్వాత పై రెక్క. రెండు రెక్కల బొమ్మలంటే చాలామందికి భయం ఇక్కడే.

బొమ్మను పైనుంచి చూడండి. రెక్కలు తిన్నగా పక్కలకు చాచి ఉండవు, రెండూ వెనక్కి వాలి ఉంటాయి. యుద్ధ జెట్ విమానాలకు వేగం కోసం రెక్కలు వెనక్కి వాలుస్తారు గానీ, గంటకు 160 కిలోమీటర్లు మించితేనే గొప్పగా చెప్పుకునే టైగర్ మాత్‌కి ఆ అవసరం ఎక్కడిది? దాని కథ వేరు. దీనికి ముందున్న మాత్ విమానాల్లో ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద ఉండేది. నెత్తిమీద పెట్రోలు ట్యాంకు, చుట్టూ కర్రలు, తీగలు. పారాషూట్ కట్టుకున్న శిక్షకుడు ప్రమాదంలో అందులోంచి బయటపడాలంటే కుదిరే పని కాదు. సైన్యం అభ్యంతరం చెప్పింది. దాంతో పై రెక్క నడిమి భాగాన్ని, ట్యాంకుతో సహా, ముందుకు జరిపారు. గురువుగారి నెత్తిమీద దారి తెరుచుకుంది. అయితే రెక్క ముందుకు పోతే విమానాన్ని పైకెత్తే బలమూ ముందుకు పోతుంది, తూకం చెడుతుంది. ఆ తూకం తిరిగి తేవడానికి రెక్కల చివరలను వెనక్కి వంచారు. ఒక మనిషి దూకడానికి చోటివ్వడం కోసం విమానం రూపమే మారిపోయింది.

ఇది తెలిసినవాడు పై రెక్క పెట్టేటప్పుడు ఏం చూస్తాడు? ముందు సీటు నుంచి ఆకాశం కనబడుతోందా లేదా అని చూస్తాడు. నడిమి భాగం సీటు మీదికి వచ్చేసిందంటే రెక్క వెనక్కి జారినట్టే. నేను చేసే పద్ధతి ఇదీ: అట్టముక్కలు రెండు రెక్కల మధ్య ఎత్తుకి సరిపోయేలా కోసి, కింది రెక్క మీద నిలబెట్టి, వాటిమీద పై రెక్కను ఉత్తినే ఆనిస్తాను. ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి చూస్తాను. అన్నీ కుదిరాయనిపించాక ఒక్కో కర్ర కింద, పైన సిమెంటు చుక్క. పెట్టాక రాత్రంతా ముట్టుకోను. పెళ్లి పందిరి రాటల్లాగే, మొదటిది వంకరగా నాటితే చివరిదాకా వంకరే.

కానీ ఆగండి. పై రెక్క అతికించేశాక మధ్యలోకి కుంచె దూరదు. అందుకే రంగు ముందు వెయ్యాలి. ఆ రంగు పసుపు. కొత్తవాళ్లను ఏడిపించడంలో దీన్ని మించిన రంగు లేదు.

శిక్షణ విమానానికి పసుపు ఎందుకంటే మన డ్రైవింగు స్కూలు కారుకి ఎర్రటి ఎల్ బోర్డు ఎందుకో అందుకే. లోపల కొత్తవాడున్నాడు, దూరంగా ఉండండి అని. బ్రిటిష్ వాళ్ల ట్రైనర్ యెల్లో నిమ్మపండు రంగు కాదు. కొత్తగా కడిగిన గడపకు తడి పసుపు రాస్తే వచ్చే రంగుకి ఒక పిసరు బంతిపూవు కలిపితే దగ్గరకొస్తుంది. హంబ్రాల్ వాళ్ల 24 నంబరు డబ్బా ఈ పేరుతోనే దొరుకుతుంది.

నేను ఆ డబ్బా తెరిచి నేరుగా బూడిదరంగు ప్లాస్టిక్ మీద పూశాను. ఆరాక చూస్తే పచ్చిమామిడి తొక్క రంగులో ఉంది. మరో పూత వేశాను. మందం పెరిగింది, రంగు మారలేదు. లోపం డబ్బాది కాదు. పసుపు రంగులకు సాధారణంగా కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. వెలుగు ఆ పొరలోంచి లోపలికి దిగి, అడుగున ఉన్నదాన్ని తాకి, తిరిగి మన కంటికి వస్తుంది. అడుగున నీలి ఛాయ ఉన్న బూడిదరంగు ఉంటే పసుపు, నీలం కలిసి ఆకుపచ్చ కనబడుతుంది. అంటే అడుగును మార్చాలి. తెల్ల ప్రైమర్ వెయ్యొచ్చు. లేత గులాబీ వేస్తే ఇంకా బాగుంటుంది, పసుపుకి వెచ్చదనం వస్తుంది. గులాబీ పూసిన విమానాన్ని చూసి ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. దాని మీద పసుపును పాలంత పల్చగా చేసి నాలుగైదు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. మొదటి రెండు పూతలు చూసి నిరాశపడకూడదు. మూడోదాంట్లో అంటుకుంటుంది. ఆరేటప్పుడు దుమ్ము పడకుండా పైన ఒక బుట్ట బోర్లించండి. జోరుగా వానలు పడే రోజుల్లో మాత్రం రంగు పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువైతే కొన్ని రంగులు, వార్నిష్‌లు తెల్లగా పాలిపోతాయి.

అయితే యుద్ధం వచ్చాక ఈ పసుపే ముప్పు తెచ్చింది. పచ్చిక మైదానంలో వరసగా నిలిపిన పసుపు విమానాలు పైనుంచి వచ్చే జర్మన్ బాంబరుకి తిరునాళ్లలో దీపాల్లా కనబడతాయి. అందుకని పైభాగానికి మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ పట్టీలు వేసి, అడుగున పసుపు ఉంచారు. పైనుంచి చూసేవాడికి నేలలో కలిసిపోవాలి, కిందనుంచి తుపాకీ గురిపెట్టే మనవాడికి కొత్తవాడని తెలియాలి. పక్కల్లో పసుపు ఎంతవరకు దిగిందన్నది ఏడాదిని బట్టి మారింది గనక మీరు కట్టే విమానం ఫోటో చూసి వెయ్యడమే దారి.

ఇందులో నాకు బాగా నచ్చిన సూక్ష్మం ఒకటుంది. కింది రెక్క పైభాగానికి కూడా అవే రెండు రంగులు, కానీ ఒక మెట్టు లేతవి. పై రెక్క నీడ పడి కింది రెక్క ఎలాగూ ముదురుగా కనబడుతుంది. ఆ నీడను ముందే లెక్కలో తీసేసి లేత రంగు వేస్తే, పైనుంచి చూసినప్పుడు రెండూ ఒకటే రంగనిపిస్తాయి. నీడను రంగుతో చెరిపెయ్యడమన్నమాట. బొమ్మకు ఈ పని చేస్తే ఎక్కువమంది గమనించరు. గమనించినవాళ్లు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

రంగు ఆరాక డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జార్చే గుర్తులు. వీటి కింద తప్పనిసరిగా మెరుపు వార్నిష్ వెయ్యాలి. మెరుపులేని రంగు కంటికి నునుపుగా ఉన్నా నిజానికి గరుకు నేల. ఆ గుంటల్లో గాలి చిక్కుకుంటే డెకాల్ చుట్టూ అద్దంలా తళుక్కుమంటుంది, గుర్తు రంగుతో వేసినట్టుండదు, స్టిక్కరు అతికించినట్టుంటుంది. మెరుపు పూత మీద గుర్తులు పెట్టి, ఆరాక పైన మెరుపులేని వార్నిష్ వేస్తే అంతా ఒక్కటైపోతుంది. భారతదేశంలోని విమానం కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. బ్రిటిష్ గుర్తు నడుమ ఉండే ఎర్రచుక్కను ఇక్కడ యుద్ధకాలంలో తీసేశారు. జపాన్ విమానాల మీద ఉండేది ఎర్ర సూర్యుడు. తొందరలో ఆ ఎరుపొక్కటే కంటబడితే మనవాణ్ణి మనమే కాల్చుకుంటాం.

చివరి పని తీగలు. రెండు రెక్కల మధ్య అడ్డదిడ్డంగా అల్లినట్టు కనిపించే ఈ తీగలు నిజానికి రెండే జట్లు. శరీరం అడుగునుంచి పై రెక్క వైపు ఏటవాలుగా వెళ్లేవి గాల్లో పని చేస్తాయి. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి లేవబోతాయి, ఇవి కిందికి పట్టి ఉంచుతాయి. పై రెక్క నడిమి నుంచి కింది రెక్క చివరల వైపు దిగేవి నేలమీద పని చేస్తాయి. విమానం నిలబడి ఉన్నప్పుడు రెక్కలు తమ బరువుకి వాలిపోకుండా ఇవి మోస్తాయి. షామియానా తాళ్లు చూడండి, గాలి వీస్తే ఒక వైపువి బిగుస్తాయి, ఆగితే రెండోవైపువి. అదే సూత్రం. ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికో బట్టీ పట్టక్కర్లేదు. ఇది దేన్ని లాగి పట్టుకోవాలి అని అడిగితే దారి అదే చెబుతుంది.

దారం వాడితే నూగు కనబడుతుంది. అసలు విమానం మీద సెంటీమీటరు మందం ఉన్న తీగైనా ఈ కొలతలో 0.14 మిల్లీమీటర్లే, తలవెంట్రుక కన్నా కాస్త లావు. దీనికి పాత పద్ధతే మంచిది. కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ఉంటుంది కదా, అందరూ పారేస్తారు. అందులో జానెడు ముక్క తీసుకుని కొవ్వొత్తి మంటకు పైన, మంట తగలకుండా, తిప్పుతూ వేడి చెయ్యాలి. మధ్యలో మెత్తబడి వాలబోయే క్షణంలో మంటనుంచి తీసి రెండు చేతులూ నెమ్మదిగా చాచాలి. లేతపాకం తీగ సాగినట్టు సాగుతుంది. మూరెడు పొడవున వెంట్రుకంత తీగ వస్తుంది. కావలసిన పొడవుకి కోసి, కొసలకు ఫెవికాల్ చుక్క పెట్టి, పట్టకారుతో దాని చోట ఉంచితే పట్టుకుంటుంది, కానీ వదులుగా వేలాడుతుంది.

ఇప్పుడు అగరొత్తి వెలిగించండి. మంట ఆర్పి, ఎర్రటి కొసను తీగకు కొంచెం దూరంలో ఉంచి, దాని పొడవునా ఒకసారి నడిపించండి. వేలాడుతున్న తీగ కళ్లముందే చటుక్కున బిగుసుకుని సరళరేఖ అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇందులో మంత్రమేమీ లేదు. సాగదీసినప్పుడు ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులు బలవంతంగా ఒకే వైపుకి సాగి, అలాగే చల్లారి బిగిసిపోతాయి. మళ్లీ వేడి తగలగానే వాటికి కదిలే వీలొచ్చి, తిరిగి ముడుచుకోవాలని చూస్తాయి. తీగ కురచవుతుంది, కొసలు కదలవు గనక బిగుస్తుంది. అగరొత్తి తగిలిందా, టప్పున తెగుతుంది. నావి మూడు తెగాయి. ఈ పనికి కూర్చునే ముందు సిమెంటు సీసా, థిన్నరు వేరే గదిలో పెట్టి రండి, రెండూ ఇట్టే అంటుకునే సరుకు.

ముందు సీట్లోని పైలట్‌ను కరిగిన అతుకు దగ్గర బ్లేడుతో కోసి, కాళ్లు కొంత పోగొట్టి, వెనక సీటుకి మార్చాను. తొడల కింద ఏముందో బయటికి కనబడదు. మళ్లీ బాబాయిగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఈసారి ఆయన సీట్ల వైపు చూసి తలూపారు. అడుగున ఇంజను కింద నేను వేసిన నల్లటి నూనె మరకను చూసి, "ఇంకాస్త కారేది," అన్నారు. తర్వాత బొమ్మను టీపాయ్ మీద పెట్టి, ముందుకు వంగి, చూపుడు వేలి కొసను ప్రొపెల్లర్ అంచుకి ఆనించి ఆగిపోయారు.

"స్విచెస్ ఆఫ్?" అన్నారు.

నేను తెల్లమొహం వేశాను. ఆయన వేలు తియ్యలేదు. నా వైపు కూడా చూడటం లేదు, వెనక సీటు వైపు చూస్తున్నారు.

"ఆఫ్," అన్నాను.

వేలితో ప్రొపెల్లర్‌ని రెండుసార్లు మెల్లగా తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"కాంటాక్ట్," అన్నారు.